నలభై ఎనిమిది కాగితాల మీద శ్రీ

1976లో, పాతబస్తీలోని ఒక చిత్రకళా కళాశాలలో, బొమ్మలను కదిలించడం నేర్పే విభాగంలో నాకు షరతు మీద సీటిచ్చారు. నేను బడి మొహం చూడలేదు. సైదాబాదులోని మా ఇంట్లో అమ్మే చదివించింది. అందుకని మొదటి ఏడాది ఫిల్ములో తప్పితే సీటు వదులుకుంటానని ప్రిన్సిపాల్ ముందే రాయించుకున్నారు.

పరీక్షకు నాలుగు సెకన్ల నడక గీయాలి. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండుసార్లు తీస్తారు కనుక నలభై ఎనిమిది బొమ్మలు. మాదన్నపేట మార్కెట్‌లో గంప నెత్తిన పెట్టుకుని వంకాయలమ్మే ఒకావిడ వెనకాల వారం రోజులు తిరిగాను. "ఏంది బిడ్డా, నా ఎంట పడ్డవ్? కొనేదుంటే కొను," అందావిడ. రోజూ పావుకిలో కొన్నాను. నా చదువు పుణ్యమా అని ఇంటిల్లిపాదీ వారమంతా వంకాయే తిన్నారు.

కళాశాల కెమెరామన్ కరీం భాయ్ ముందుగా ఒక నమూనా తీసి, కడిగించి, తెర మీద వేశారు. నా మనిషి చక్కగా నడిచింది. కానీ ఆమె గంప పైన ఏదో చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

"గదేంది బేటీ, ఈగనా?" అన్నారు కరీం భాయ్.

ఈగ కాదు, 'శ్రీ'. కాగితం మీద ముందు శ్రీ రాయనిదే గీత గీయకూడదని అమ్మ నేర్పింది. నలభై ఎనిమిదింటి మీదా, ఒక్కటీ వదలకుండా, నల్లసిరాతో రాశాను. చేతిరాత కదా, ఏ రెండూ ఒకేచోట పడలేదు. అసలు చిత్రీకరణ మర్నాడే. ఆ సిరా చెరిపితే పోదు. మళ్లీ గీయడానికి వ్యవధి లేదు. సీటు పోయిందనే అనుకున్నాను.

మాకు పాఠం చెప్పే యాదగిరి సార్ నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్నారని మాత్రం తెలిసింది. "దేవునితోని గిట్ల ఉరుకులు పెట్టిస్తరామ్మా? ఒక్కదగ్గర కూసోనియ్యి," అన్నారు. కదలని వస్తువును విడి కాగితం మీద ఒక్కసారే గీసి, కదిలే బొమ్మల మీద పరిచి తీస్తారని అప్పుడు వివరించారు. నేను దుకాణాల ముందు కట్టే గోనెపట్టా పందిరిని గీసి, అంచు వెంట కత్తిరించాను. మర్నాడు కరీం భాయ్ దాన్ని ప్రతి బొమ్మ మీదా పెట్టి తీశారు. శ్రీలన్నీ పట్టా చాటుకు వెళ్లాయి.

ఫిల్ము చూసిన పరీక్షాధికారి, ఎండ తెలిసేలా పైన పందిరి వేయాలన్న ఆలోచన ఎలా వచ్చిందని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపే సార్, "ఇంట్ల మంచిగ నేర్పిండ్రు సార్," అన్నారు.

సీటు నిలిచింది. తర్వాత ముప్పై ఏళ్లు పిల్లల చిత్రాలకు బొమ్మలు గీశాను. గీసే ముందు దేవుణ్ణి తలచుకోవడం మానలేదు, కాగితం జోలికి వెళ్లకుండా. సార్, కరీం భాయ్, ఆ ఇద్దరి దయవల్ల నేర్చుకున్నది ఇది: ఏది కదలాలో, ఏది కదలకూడదో పెన్సిలు పట్టకముందే తేల్చుకోవాలి, కదలనిదాన్ని ఒక్కసారే గీయాలి.