పక్కింటి చావుకు పోయిన నా వెదురు

వికారాబాద్ నుంచి తాండూరుకు కాపురం మార్చినప్పుడు నా వెంట తెచ్చుకున్న మొక్క ఒక్కటే. వికారాబాద్‌లో ఒక పాత బంగళా తోటమాలి నన్ను నాలుగుసార్లు తిప్పుకుని, ఐదోసారి పసుపు వెదురు పొదలోంచి ఒక దుంప తవ్వి ఇచ్చాడు. ఆ నాలుగుసార్లూ అతను లోపలే ఉన్నాడని నాకు తెలుసు. దుంపను తడి గోనెసంచిలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో సంగతి ఇది.

తాండూరులో మాకు బట్టల దుకాణం. ఇల్లు దాని వెనక వీధిలో. పెరట్లో రెండడుగులు తవ్వితే నాపరాయి తగిలింది. గడ్డపారతో పగలగొడుతుంటే పక్కింటి ముసలాయన గోడ మీద మోచేతులు ఆనించి చూస్తూ నిలబడ్డాడు. ఆయన యాలాల వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. గొర్రెలనూ మేకలనూ కొడుకు చూసుకుంటాడు, ఆయన నన్ను చూసుకుంటాడు.

"ఏం పెడుతున్నవ్ సేటు?"

"వెదురు, కాకా."

"ఇంట్ల కంకబొంగులు పెడ్తరా ఎవలన్న? పాడె కట్టనీకె తప్ప ఎందుకక్కరకొస్తయ్?"

ఆయన అరుగు మీద ఉన్న నలుగురూ నవ్వారు. ఆ నలుగురూ ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను.

మొదటి ఏడు ఏమీ రాలేదు. రెండో వానాకాలం పెన్సిల్ మందాన రెండు పిలకలు లేచాయి. దుకాణంలో గుడ్డ కొలుస్తున్నవాణ్ణి కొలుస్తున్నట్టే లేచి ఇంటికి వచ్చి చూసేవాణ్ణి. వాన పడితే కూర్చోలేను, పడకపోతే అసలే కూర్చోలేను. నాలుగో ఏటికి బొంగులు చేతిమందం అయ్యాయి. పసుపు కణుపుల మీద ఆకుపచ్చ చారలు. ఇది పాకే రకం కాదు, ఉన్నచోటే గుంపుగా నిలిచే రకం. అయినా ముసలాయన తన గోడ పగులుతుందని గొణిగేవాడు. ఆయన మేకలు మాత్రం ఆ గోడ మీదే ముందుకాళ్లు వేసి నా ఆకు మేసేవి. అడిగితే, "మేకకు నీది నాది ఎర్కుంటదా సేటు, నీకుంటది గని" అన్నాడు.

ఈ వెదురులో కొత్త పిలకలు పొద అంచున వస్తాయి, ముదురు బొంగులు మధ్యలో ఉంటాయి. కొట్టాలంటే మధ్యవే కొట్టాలి. లేతవి కొడితే పొద దెబ్బతింటుంది. ఇది మాలి నాకు చెప్పాడు, నేను ఇంట్లో పదిసార్లు చెప్పాను.

ఆరో ఏట, దసరా దాటాక, సరుకు కోసం వికారాబాద్ వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చాను. పెరడు బోసిగా ఉంది. ఆ వానాకాలం అంచున లేచిన ఏడు బొంగులూ లేవు. మధ్యలో ముదురువి మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"పక్కింటి కాక పొద్దుగాల పోయిండు" అంది నా భార్య. "పచ్చి బొంగులు కావాలని వచ్చిండ్రు. చావింటోళ్లు అడిగితె లేవంటమా?"

"అంచువి ఎందుకు కొట్టనిచ్చినవ్?"

"చేతికందినయి కొట్టుకున్నరు. ఇంట్ల పీనుగను పెట్టుకొని వచ్చినోళ్లకు, గీ బొంగు గాదు గా బొంగు అని చెప్పాల్నా?"

చెప్పాల్సిందేనని నా అభిప్రాయం. ఇంత స్పష్టమైన నష్టం జరిగి, ఫిర్యాదు చేసే చోటు లేకపోవడం నాకు అదే మొదటిసారి.

మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు పరామర్శకని వెళ్లాను, నిజానికి అంచు బొంగుల మాట అడగడానికే. కొడుకు చాప వేశాడు. నేను నోరు తెరిచేలోపే ముసలాయన భార్య అంది:

"నీ బొంగుల మీదనే పోయిండు సేటు. నెల కిందనే చెప్పి పెట్టిండు, సేటు బొంగులు తెచ్చి కట్టుండ్రి, బజారంత చూడాలె అని. మస్తు ఇష్టముండె ఆయనకు."

"నాతోని ఒక్కనాడన్న అనలేదు గదమ్మా."

"నీతోని ఎట్లంటడు? అంటె నువ్వు మేకల ముచ్చట తీస్తవ్."

తీసుకెళ్లిన మాట తీసుకెళ్లినట్టే ఇంటికి తెచ్చుకున్నాను. ఇష్టమైతే అడగొచ్చు. నేనే మంచివి ఏరి ఇచ్చేవాణ్ణి. ఆరేళ్లు గోడ అవతల నిలబడి ఎగతాళి చేయడం దేనికి?

మరుసటి వానాకాలం ఒక్క పిలకా లేదు. రోజుకు మూడుసార్లు వంగి మట్టి తడిమేవాణ్ణి. దుకాణంలో రెండుసార్లు గుడ్డ తప్పు కోశాను, ఆ తప్పూ ముసలాయన మీదే వేశాను. ఆ పై ఏడు శ్రావణంలో మూడు లేచాయి, సన్నగా.

ఆ రోజే సున్నం కలిపి, ముదురు బొంగులన్నిటికీ పట్టీలు పూశాను. ముసలాయన కొడుకు గోడ మీది నుంచి చూస్తున్నాడు.

"ఏంది సేటు, బొంగులకు నామాలు పెడుతున్నవ్?"

"చావుకైనా పెండ్లి పందిరికైనా సున్నమున్నయే కొట్టాలె. నేను ఇంట్ల ఉన్నా లేకున్నా. గల్లీల అందరికి చెప్పు."

"మరి రేపు నీకే కావాల్సొస్తె? నీకన్న మంచియి కొట్టాల్నా?"

"నాగ్గూడ ముదురువే" అన్నాను. "అంచువి ముట్టిండ్రనుకో, పాడె దిగి ఇంటికొస్త."