కమలక్క కాలు గురించి అచ్చయిన అబద్ధం

నిన్న పొద్దున పాఠం చెప్పడానికి కాలేజీకి బయల్దేరుతుంటే కడంబత్తూరు నుంచి, కమలక్క ఇంటి నుంచి ఫోన్.

కమలక్క పోయింది.

కాఫీ తాగి, కుట్టు మెషిన్ ముందు కూర్చుని, అలాగే వాలిపోయిందట. గుండె.

నమ్మలేదు. ఆదివారమే మాట్లాడాను. జాకెట్లు రెడీ, వచ్చి తీసుకుపో అంది.

రైలెక్కి ఫోన్ తెరిస్తే ఫ్యామిలీ గ్రూప్‌లో అప్పటికే ఒక ఫొటో తిరుగుతోంది. పాత పుస్తకంలో ఒక పేజీ. దాని కింద, స్వామి లేపి నడిపించిన బిడ్డ స్వామి దగ్గరికే వెళ్లింది అని ఎవరో రాశారు. ఆ కింద వరసగా దండాల బొమ్మలు.

అప్పటికి అక్కకు స్నానం కూడా చేయించలేదు.

ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కమలక్క మా పెద్దమ్మ కూతురు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మూడేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది. తిరువళ్లూరులో మావి పక్కపక్క ఇళ్లు. పెదనాన్న బట్టల కొట్టు మూసేసి మరీ ఆమెను రైల్లో మద్రాసు ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. స్టేషన్ మెట్లు భుజాన మోసుకుని ఎక్కేవారు.

రెండు ఆపరేషన్లు. నెలల తరబడి సిమెంటు కట్టు. ఆ తర్వాత ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు ఉన్న కాలిపర్. అది తొడుక్కుని, గోడ పట్టుకుని, పళ్లు బిగించి ఒక్కో అడుగూ నేర్చుకుంది. పడ్డప్పుడల్లా నవ్వినందుకు మమ్మల్ని తిట్టేది.

ఇదంతా నేను కళ్లారా చూశాను. డెబ్బైల చివర్లో.

ఎనభైలలో మా వీధి భజన మండలి ఒక చిన్న పుస్తకం వేసింది. తిరుత్తణి మురుగన్ మహిమలు, తెలుగులో. అందులో కమలక్క ఉంది, తండ్రి పేరు, ఊరు పేరుతో సహా. మురుగన్ గుడి ఉన్న కొండ మెట్లన్నీ పాకుతూ ఎక్కిందట. ఆఖరి మెట్టు మీద లేచి నిలబడిందట.

ఆసుపత్రి లేదు. ఆపరేషన్ లేదు. కాలిపర్ లేదు.

మా వీధి పిల్లలంతా తమిళ మీడియం. తెలుగు చదవడం నాకొక్కదానికే వచ్చు, నాన్న ఇంట్లో నేర్పారు. అందుకే మురుగన్‌కి చేసే ఆడి కృత్తిక పండుగకి ఆ పుస్తకం పారాయణం చేయడానికి నన్ను కూర్చోబెట్టారు. అట్టకు పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ అక్షరాలు రావు. రావు కాబట్టే ఇంకా భక్తి.

కమలక్క పేజీ వచ్చింది. నేను ఆగలేదు. గొంతు పెంచి ఇంకా బాగా చదివాను. పన్నెండేళ్ల దాన్ని, అందరూ మెచ్చుకుంటున్నారు.

ఆమె ఎదురుగానే కాలు చాపుకుని కూర్చుంది. ఆడవాళ్లు వంగి ఆ కాలికి దండం పెట్టారు. పావడా కింద కాలిపర్ కనిపిస్తూనే ఉంది.

బయటికొచ్చాక నన్ను పట్టుకుంది.

"ఏం పాపా, నువ్వు గూడా సదివినావే. నాతో మద్రాసుకి వచ్చింది నువ్వు కాదా?"

నేను ప్రసాదం శనగల సుండల్ తింటూ నిలబడ్డాను.

మర్నాడు ఆసుపత్రి కాగితాలు పట్టుకుని మండలి పెద్దాయన ఇంటికి వెళ్లింది. తోడు నేను. ఆ పేజీ తీసేయమని అడిగింది. ఆయన కసురుకోలేదు. డాక్టరుకు బుద్ధి ఇచ్చింది ఎవరని అడిగాడు. పారాయణం మొదలైన పుస్తకాన్ని దిద్దితే పాపమన్నాడు.

"చిన్నబిడ్డవి, నీకు తెలీదులేమ్మా."

"కాలు నాది సామీ. నాకు తెలీంది పుస్తకానికి ఎట్ల తెలిసిందో చెప్పండి."

ఆయన నవ్వి కాగితాలు వెనక్కిచ్చాడు. ఇంటికొస్తే పెదనాన్న కూడా ఆమెనే తిట్టారు. భుజాన మోసిన మనిషే. "నేను మొక్కుకున్నాను కదా, ఎందుకు గొడవ" అన్నారు.

తర్వాత యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివాను. సాక్ష్యం అంటే ఏమిటని పేజీలకు పేజీలు రాశాను. నా ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఒకటే. ఎవరికి జరిగిందో ఆ మనిషే బతికి ఉండి, ఎదురుగా కూర్చుని, కాదు అంటుంటేనే పుస్తకం గెలిచింది. మరి అడగడానికి ఒక్క మనిషీ మిగలని కాలం నాటి పుస్తకాల మాటేమిటి? గ్రంథంలో ఉంది అంటే ఎవరో రాశారని తెలుస్తుంది. జరిగిందని ఎలా తెలుస్తుంది?

ఇదేదో క్లాస్‌రూమ్ చర్చ అనుకునేవాళ్లు ఇది కూడా వినండి.

కొన్నేళ్లకు తామరైపాక్కం నుంచి ఒకామె కాలు పడిపోయిన ఏడేళ్ల కూతుర్ని ఎత్తుకుని మా వీధికి వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి. ఆ పేజీ ఎవరో చదివి వినిపించారట. మూడేళ్లుగా నెల నెలా బిడ్డను కొండ ఎక్కిస్తోంది. ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇంకెన్నిసార్లు ఎక్కాలో కమలక్కనే అడుగుదామని వచ్చింది.

అక్క చీర పైకి లాగి కాలిపర్ చూపించింది.

ఆమె వంగి ఆ కడ్డీలు తడిమింది. "పుస్తకంలో నీ పేరుండాదే అమ్మా" అంది.

అక్కే వాళ్లను మద్రాసు తీసుకెళ్లింది. ఆ పిల్ల మోకాలు అప్పటికే వంగి గట్టిపడిపోయింది. ముందే తేవాల్సింది అన్నారు డాక్టరు.

ఆ తర్వాత ఎవరింట్లో ఆ పుస్తకం కనబడినా అక్క ఆ పేజీ చించేసేది. తిట్లు తినేది. ఆమె వస్తోందంటే పుస్తకాలు దాచుకునేవాళ్లు.

అక్కను నాస్తికురాలు అనుకోకండి. ప్రతి ఏడాదీ ఆ కాలిపర్‌తోనే తిరుత్తణి మెట్లు ఎక్కేది, పది మెట్లకోసారి కూర్చుంటూ. ఇదేం భక్తే అని నేను వెక్కిరిస్తే, "నాకు ఆయన కావాల. ఆయనకి నా కాలు కత ఎందుకు కావాల?" అంది.

నాకు ఆ నమ్మకం లేదు. లేదని గట్టిగా చెప్పే ధైర్యమూ లేదు. కానీ ఆమె నమ్మకానికి అబద్ధంతో పని పడలేదు. మీకెందుకు పడుతోంది?

నిన్న కాలిపర్ విప్పి, కాళ్లు కలిపి కట్టి, పూలు కప్పారు. పక్కనే ఒక పెద్దమనిషి పిల్లలకు ఆ మెట్ల కథే చెబుతున్నాడు. కాదు అనడానికి ఇక ఆమె లేదు.

అందుకే నేను అంటున్నాను. కాదు. ఆ పేజీ చదివింది నేనే, అబద్ధమని తెలిసే చదివాను. గ్రూప్‌లో ఆ ఫొటో పెట్టినవాళ్లు ఇవాళే తీసేయండి. కాలు బాగాలేని బిడ్డ ఎవరింట్లో ఉన్నా ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొండ తర్వాత ఎక్కొచ్చు.

వెళ్లి రా కమలక్కా. నీ మాటే నిజం. అక్కడైనా నిన్నెవరూ కథ చేయకుండా శాంతిగా ఉండు.