సన్మాన పత్రంలో నేను కొట్టేసిన పేరు

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి గంట ఆగిందంటే చాలు, శామీర్‌పేట చెరువు పక్క మైదానానికి కుక్కపిల్లల్ని తీసుకుని పరుగెత్తేవాళ్లం. తాడు ఒక కొసకు కుక్క... ఇంకో కొసకు మేము. ఎవరు ఎవరిని లాగుతున్నారో చూసేవాళ్లకు అంతుపట్టేది కాదు!

పన్నెండు మంది పిల్లలం. చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లూ, మాలాంటి గొర్ల కాపరుల పిల్లలూ అందరం కలిసే ఉండేవాళ్లం. ఆ రోజుల్లో తోడేళ్లు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుంటే, ఊరి కుక్కలకు కాపలా నేర్పాలని ఇద్దరు పెద్దవాళ్లు పూనుకున్నారు. కుక్కలకు నేర్పాలంటే ముందు పిల్లలకు నేర్పాలి కదా... అలా మమ్మల్ని పోగు చేశారు.

ఒకరు పల్టన్ తాత. బొల్లారం మిలిటరీ పల్టన్‌లో దొరల కుక్కల్ని సాకి, పింఛను పుచ్చుకుని ఊరికి వచ్చినవాడు. కూర్చోమంటే కూర్చోవడం, తిండి ముందర పెట్టినా కదలకుండా ఉండటం ఆయన నేర్పేవాడు.

రెండో మనిషి మా అవ్వ. నాయిన తల్లి. మందను బెదరగొట్టకుండా చుట్టూ తిరగడం, దారి తప్పిన పిల్లను మెల్లగా మళ్లించడం... అది అవ్వే నేర్పాలి. ఇద్దరూ ఎవరి దగ్గరా ఏమీ ఆశించలేదు. పైగా అవ్వ కుక్కలన్నిటికీ ఇంటి నుంచి జొన్న గటక కుండ నెత్తిన పెట్టుకుని తెచ్చేది.

అవ్వది ఒకటే పట్టు. కూర్చోబెట్టిన కుక్కను ముందు పేరు పెట్టి పిలవాలి. ఆ తర్వాతే రమ్మనాలి. ఒకరోజు నేను నా కుక్క నల్లోణ్ణి "దా! దా!" అని గొంతు పోయేలా అరిచాను. వాడు చెవులు ఆడించాడే తప్ప లేవలేదు.

"ఏందే గా మొత్తుకునుడు? పేరు వెట్టి పిలువు" అంది అవ్వ. "ఎవల్ని రమ్మంటున్నవో దానికేమెరుక?"

"పోరి గొంతుకు సెర్వుల కప్పలు గూడ పరేషానైనయి" అన్నాడు పల్టన్ తాత. అందరూ ఒకటే నవ్వు...

ఆ తర్వాత రెండేళ్లలో మా మందల్లో ఒక్క గొర్రెపిల్ల కూడా పోలేదు. మేడ్చల్ నుంచి కాపరులు వచ్చి చూసి వెళ్లేవాళ్లు. అప్పుడు పిల్లలమంతా కలిసి అనుకున్నాం... నేర్పిన ఇద్దరికీ సన్మానం చేయాలని. పత్రం రాసి చదివే పని నాకు అప్పగించారు. మా ఇంట్లో బలపం పట్టిన మొదటి మనిషిని నేనే. ఎంత పొంగిపోయానో!

ముందు చిత్తుప్రతి రాశాను. అవ్వ పక్కన కూర్చుని, "గిండ్ల నా పేరేడున్నదే?" అంది. చూపించాను. వేలితో తడిమింది.

"గింతేనా? గొర్రె అడుగంత గూడ లేదు గద!" అని నవ్వింది. కాసేపాగి మళ్లీ తడిమింది.

ఆ వారమే బడిలో పంతులమ్మ మర్యాదల పాఠం చెప్పింది. మనవాళ్లను మనమే పొగుడుకోవడం మర్యాద కాదని... నేను ఏది చెబితే అది తు.చ. తప్పకుండా చేసే పిల్లను. మంచి కాగితం మీద రాసేటప్పుడు చాలాసేపు ఆలోచించి, చిత్తుప్రతిలో అవ్వ పేరు కొట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మంచి పని చేశాననే అనుకున్నాను.

సన్మానం రోజు అవ్వ తలకు నూనె రాసుకుని, నాయిన పెళ్లప్పుడు తనకు పెట్టిన చీర కట్టుకుంది. వెనక వరసలో కుక్కలన్నిటినీ కూర్చోబెట్టి, వాటి పక్కనే తానూ కూర్చుంది. పేరు చదవగానే వచ్చి బంతిపూల దండ వేయించుకోవాలి. పల్టన్ తాత పేరు చదివాను. వచ్చాడు, దండ వేశాం, చప్పట్లు కొట్టారు. కాగితం మడిచాను...

అవ్వ లేవలేదు. లేవడానికి చేతికర్ర సరిచేసుకుని, నా నోటి వైపే చూస్తూ కూర్చునే ఉంది.

బుట్టలో మిగిలిన దండ పల్టన్ తాతే చూశాడు. తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లాడు.

"గిప్పుడెందుకు తియ్యన్నా" అంది అవ్వ. "నల్లోని మెడల ఎయ్యి, మురుస్తడు."

దండ నల్లోడి మెడలో పడింది. పిల్లలు కేరింతలు కొట్టారు. నేనూ కొట్టాను...

ఇంటికి వస్తూ అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "మస్తు సదివినవ్ బిడ్డా" అంది. కొంత దూరం నడిచాక మెల్లగా అడిగింది. "నా పేరు సదువరాలేదా? కష్టమున్నదా?"

"ఔ అవ్వా... కష్టమున్నది" అన్నాను.

"పోనియ్యి. ఇంకింత సదువుకుంటె అదే అస్తది" అని నా వీపు నిమిరింది.

ఆ మాట పట్టుకునే నన్ను బడి మానిపించకుండా నాయినతో కొట్లాడింది. ఇంకా చదివాను. ఇప్పుడు యాప్రాల్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతున్నాను. రోజూ పొద్దున హాజరు తీసేటప్పుడు ఒక్క పేరు కూడా వదలను... అవ్వ మాత్రం పోయి మూడేళ్లయింది. ఆ రోజు అబద్ధం చెప్పానని ఆమెకు చెప్పనే లేదు.

మొన్న మైదానం మీదుగా వెళ్లాను. తాళ్లు పట్టుకున్న పిల్లలు లేరు. నాలుగు కుక్కలు ఎండలో పడుకుని ఉన్నాయి. వాటికి పేర్లున్నాయో లేదో ఎవరికీ తెలియదు.

మీకూ చిన్నప్పుడు ఊరికే ఏదో ఒకటి నేర్పినవాళ్లు ఉండే ఉంటారు... మీరూ చెప్పకుండా వదిలేసిన పేరు ఏదైనా ఉంటే, దయచేసి రాయండి. పూర్తిగా రాయండి. ముందు నేను రాస్తాను.

మా అవ్వ పేరు బాలవ్వ. మూడే అక్షరాలు... ఏమాత్రం కష్టం లేదు.