ట్రాక్టరెక్కి మంచు తీసిన మా వదిన

మా వదిన పోయిందని పోయిన వారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు. "నిద్రలోనే పోయిందే, బాధపడలేదు," అన్నాడు. ఆ తర్వాత, "ఇక్కడ ఇంకా మంచు మొదలవలేదు," అన్నాడు. అప్పుడు ఆగలేదు నాకు ఏడుపు.

న్యూయార్కు రాష్ట్రం ఉత్తరాన, పెద్ద సరస్సు పక్కనున్న చిన్న ఊళ్లో అన్నయ్య డాక్టరు. డెబ్బైల చివర్లో ఊరి బయట పాత ఫార్మ్‌హౌస్ కొన్నారు. ఇంటి నుంచి రోడ్డుకి ఫర్లాంగు పైనే కంకర దారి. చలికాలంలో సరస్సు మీది గాలి తెచ్చిపోసే మంచు అంతా ఇంతా కాదు. హాస్పిటల్ నుంచి పిలుపొస్తే మాత్రం అన్నయ్య కారు బయటపడాల్సిందే. ఆయనకా, స్టెతస్కోపు తప్ప ఇంకో పనిముట్టు పట్టుకోవడం రాదు. అందుకని ఇంటితో పాటు వచ్చిన పాత ట్రాక్టరుకి మంచు చిమ్మే బ్లోయర్ తగిలించి, వదినే నడపడం నేర్చుకుంది. "మా ఇంట్లో ఒక డాక్టరు, ఒక ట్రాక్టరు," అని తనే నవ్వేది.

నాకు సిగ్గుగా ఉండేది, దాచుకోవడమెందుకు! పార్టీల్లో మిగతావాళ్లు చీరల గురించి మాట్లాడుతుంటే ఈవిడ గ్రీజు గురించి మాట్లాడేది. వినేవాళ్లున్నా లేకపోయినా చెప్పేది. నేల గడ్డకట్టకముందే దారికి రెండు పక్కలా కర్రలు పాతాలట, లేకపోతే దారేదో గడ్డేదో తెలీదట. కంకర మీద బ్లోయర్ని అంగుళం పైకెత్తి ఉంచకపోతే రాళ్లు కిటికీలకి తగుల్తాయట. గాలివాటం చూసి గొట్టం తిప్పకపోతే చిమ్మిన మంచంతా మన మొహానికేనట. "బండి మెల్లగా, ఇంజను జోరుగా," అనేది. బ్లోయర్ ట్రాక్టరు వెనక ఉండేది, దారి పొడుగునా రివర్స్‌లోనే నడపాలి. చలికాలమంతా వదిన మెడ పట్టేసి ఉండేది. అన్నయ్య రోజూ బామ్ రాసేవాడు.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పిన మాట ఒకటుంది. "ఏం జరిగినా ముందు ఇంజను ఆపు. తర్వాత ఏడువు."

నా సీమంతం తనే చేసింది, ఆ ఇంట్లోనే. నాకు తొమ్మిదో నెల. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పది కుటుంబాలు వచ్చాయి. మనవాళ్ల అలవాటు తెలుసుగా, బూట్లన్నీ మెట్ల మీద విప్పేసి లోపలికొచ్చారు. పిల్లలు తొక్కుకుంటూ వచ్చేసరికి కొన్ని దారిలోకి జారిపడ్డాయి. గాజులు తొడిగి, పాటలు పాడి, భోజనాలు ముగించేసరికి మంచు మోకాలి లోతైంది. సరిగ్గా అప్పుడే నాకు నొప్పులు మొదలయ్యాయి.

అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. పెద్దరోడ్డు మీద మంచు తీసేశారని ఫోన్లో తెలిసింది. మిగిలింది మా ఫర్లాంగే. వదిన పట్టుచీర మీదే ఓవరాల్స్ వేసుకుని ట్రాక్టరెక్కింది. మా ఆయన నన్ను కార్లో కూర్చోబెట్టాడు. పది గజాలైనా పోకముందే ధన్‌మని చప్పుడైంది. బ్లోయర్ ఆగిపోయింది, ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. మంచు కింద ఎవరిదో బూటు!

చుట్టాల్లో ఒక ఇంజనీరుగారు, "ఉండండక్కయ్యా, నేను లాగేస్తా," అంటూ పరిగెత్తి చెయ్యి పెట్టబోయాడు.

"చెయ్యి తియ్యండి!" వదిన అరుపుకి ఆయన అక్కడే కొయ్యబారిపోయాడు.

ఇంజను ఆపింది. తాళంచెవి జేబులో వేసుకుంది. నేను కార్లోంచి, "వదినా, ఇక నా వల్ల కాదు, తొందరగా!" అని కేకలు పెడుతున్నాను. తను కిటికీ దగ్గరికొచ్చి వంగింది.

"అమ్మాయ్, నువ్వు తొమ్మిది నెలలు తీసుకున్నావు. నాకు పది నిమిషాలివ్వవా?"

ఎంత కోపమొచ్చిందో! ఇక్కడ ప్రాణం పోతుంటే పరాచికాలా? కానీ తను కర్రతోనే బూటుని పొడిచి బయటికి తోసింది. దెబ్బ తగిలితే గేరుబాక్సు బదులు తాను విరిగిపోయే చిన్న పిన్ను ఒకటుంటుంది. అది విరిగింది. ఓవరాల్స్ జేబులో కొత్తవి ఎప్పుడూ ఉంచుకునేది. గ్లవ్స్‌తో అది బిగించడం కుదరదు. ఆ చలిలో ఉత్త చేతులతో బిగించింది. తర్వాత ఒక్కచోట కూడా తొందరపడకుండా, మెడ వెనక్కి తిప్పుకుని, రోడ్డు దాకా దారి చేసింది. మేం వెనకాలే వెళ్లాం.

హాస్పిటల్ చేరిన గంటకి అమ్మాయి పుట్టింది. దానికిప్పుడు నలభై దాటాయి. ఇంజనీరుగారు రెండు నెలలు వదినతో మాట్లాడలేదు. ఆయన పది వేళ్లూ మాత్రం భద్రంగా ఉన్నాయి. ఆ వేళ్లకీ నా పిల్లకీ వదినకే రుణపడి ఉన్నామని నేనెప్పుడూ తనతో అనలేదు. అని ఉండాల్సింది.

ఆ సాయంత్రం చుట్టాల కార్లన్నీ బయటపడేదాకా దారి తీసి, అప్పుడొచ్చింది వదిన హాస్పిటల్‌కి. ఓవరాల్స్ కింద పట్టుచీర అంచు తడిసి వేలాడుతోంది. నేను పిల్లని చేతికివ్వబోయాను.

"ఉండవే. చేతులు ఇనపముక్కల్లా ఉన్నాయి, పిల్ల జడుసుకుంటుంది," అంటూ కిటికీ కింది హీటర్ దగ్గర నిలబడింది. అరచేతులు కాచుకుంది. తన చెంపకి ఆనించి చూసుకుంది. ఇంకా చల్లగానే ఉన్నాయేమో, మళ్లీ హీటర్ మీద పెట్టింది. పిల్ల ఏడుస్తూనే ఉంది. వదిన తొందరపడలేదు. మూడోసారి చెంపకి ఆనించుకుని, తల ఊపి, గోళ్లలో గ్రీజున్న ఆ రెండు చేతులూ చాపుకుంటూ పిల్ల దగ్గరికి వచ్చింది.