నేను తిట్టిన తాండూరు పప్పు

పోయినేడు వికారాబాదులో కళ్ళు చూపించుకుని, బస్టాండు దగ్గర ‘తాండూరు పప్పు భోజనం’ అని బోర్డు పెట్టిన చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాను. అన్నం రాకముందే, అలవాటుగా షుగర్ సూది వేసుకున్నాను.

మాది కందిపప్పుకు పేరుపడ్డ తాండూరు. బడి చదువు లేకపోయినా, నలభై ఏళ్ళు మార్కెట్లో కందులు కొరికి రకం చెప్పినవాణ్ణి. మొదటి ముద్దకే నాకు ఒళ్ళు మండింది.

“గిది తాండూరు పప్పా? ఎవర్ని మోసం జేస్తున్రు?” అని విస్తరి నెట్టేసి లేచాను.

గడప దగ్గరే చెమటలు పట్టి, కాళ్ళు వణికి కూలబడ్డాను. ఇక ఇంటికి చేరననుకున్నాను. నేను సూది వేసుకోవడం చూసిన వంటమనిషి షాహీన్ పరుగున వచ్చి బెల్లం నీళ్ళు తాగించింది.

“సూది ఏసుకొని అలుగుతరా తాతా? కోపంతోని కడుపు నిండుతదా?” అని తిడుతూనే, పప్పన్నం కలిపి తన చేత్తో తినిపించింది.

ప్రాణం కుదుటపడింది. “గిదీ తాండూరు పప్పంటే! నీ ఇంటి డబ్బాలదా బిడ్డా?” అన్నాను.

“మీరు తిట్టిందే తాతా, గదే గిన్నెలది!” అని పకపకా నవ్వింది.

కల్తీ సరుకు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఆ బిడ్డ చేతి ముద్ద నన్ను బతికించింది. వికారాబాదు వెళితే అక్కడే తింటాను. సూది మాత్రం, విస్తట్లో పప్పు పడి, తిట్టడం అయిపోయాకే వేసుకుంటాను.