సగం గోలి మర్యాద

మా ఇంట్లో తలనొప్పి గోలిని ఎవరూ ఒంటరిగా మింగేవారు కాదు. అది మర్యాద కాదు. ఎనభైల చివర, సిద్దిపేటలో మా నేతగాళ్ల వాడలో, మధ్యాహ్నం మూడింటికి చాయ్ పొయ్యి దిగగానే అవ్వ, అంటే మా అమ్మ, తమలపాకుల డబ్బా తెరిచేది. అందులో ఆకులతో పాటు గోలీలూ ఉండేవి. అడకత్తెరతో ఒక గోలిని టక్కున రెండు ముక్కలు చేసి, ఒక సగం తన నోట్లో వేసుకుని, రెండో సగం నాకు ఇచ్చేది.

"నాకు నొస్తలేదవ్వా" అంటే వినేది కాదు.

"నేనొక్కదాన్నే మింగుడేంది? ఎవలన్న ఏమనుకుంటరు? పట్టు!"

మేం ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని వస్తే ఇంకో గోలి తెగేది. ఖాలా బిస్మిల్లా అని మింగి, "ఇప్పుడు జర జాన్ వచ్చింది" అనేది. నాకూ ప్రాణం లేచొచ్చేది. పందొమ్మిదేళ్లదాన్ని. చాయ్, సగం గోలి, ముగ్గురి ముచ్చట్లు, ఆ అరగంట కోసం పొద్దుటి నుంచి ఎదురుచూసేదాన్ని. ఏడాది తిరిగేసరికి నొప్పి కూడా నాతో పాటు మూడింటి కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. తర్వాత దానికి ఓపిక తగ్గి పొద్దున్నే వచ్చేసేది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, దీపాలు పెట్టేవేళ మరొకటి. సగాలతో నాకు పని లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే బాపు నన్ను మగ్గం గుంటలో దింపాడు. మా వాడలో అప్పటికి మగ్గం మీద కూర్చున్న ఆడపిల్ల లేదు. నాకేమో అది తప్ప వేరే కోరిక లేదు. రెండేళ్లు బతిమాలితే ఒప్పుకున్నాడు, అదీ ఒక్క గొల్లభామ చీరకు. అంచు పొడవునా నెత్తిన కుండలతో భామలు వరసగా నడవాలి. ఒక్కో భామకు పోగులు లెక్కపెట్టి, రంగు దారాలు చేత్తో దూర్చాలి.

"గీ చీర మంచిగొస్తె మగ్గం నీకే ఇడిసిపెడ్త. రాకుంటె మల్ల అడగొద్దు" అన్నాడు.

మొదటి భామకు కాళ్లు కుదిరాయి, పావడా కుదిరింది, తల కూడా కుదిరింది. కుండ దగ్గరికి వచ్చేసరికి నా కణతలు కొట్టుకోవడం మొదలైంది. లెక్క తప్పి ఆరు పోగులు పక్కకు జరిగాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"గిదేందే? గీమె కుండ గాలిల ఏలాడుతుంది!"

నాకు నవ్వాగలేదు. నవ్వితే తల పగిలిపోయేది. అంతా ఊడదీసి మళ్లీ నేశాను. రెండో భామకు కుండ వచ్చింది కానీ తల రాలేదు. ఈసారి బాపు ఎగతాళి చెయ్యలేదు.

"ఇంకొక్కటి తప్పితె దిగు" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తల కుదుటపడితే చాలు దేవుడా అని ఇంకో గోలి వేసుకున్నాను.

నా మొహం చూసిన ఖాలా, "బేటీని దవాఖానకు తీస్కపోరాదా?" అని అవ్వ మీద కేకలేసింది. ముగ్గురం పోయాం. కొత్తగా బదిలీ మీద వచ్చిన డాక్టరు, రోజుకు ఎన్ని గోలీలని అడిగాడు. అవ్వకు దాపరికం తెలియదు. కొంగుముడి విప్పి అందులోని గోలీలు బల్ల మీద కుప్ప పోసింది. అంతలో ఆయన నుదురు రుద్దుకున్నాడు. అవ్వ మనసు ఊరుకుంటుందా?

"మీకు సుత నొస్తున్నట్టుంది సారూ. సగం మీరేస్కోన్రి, సగం నేనేస్కుంట."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. తర్వాత మాత్రం నవ్వకుండా చెప్పాడు.

"నొప్పి వస్తే గోలి వేసుకుంటున్నాం అనుకుంటున్నారు. రోజూ వేసుకోవడం వల్లే ఈ నొప్పి వస్తోందమ్మా. పూర్తిగా ఆపండి. వారం పది రోజులు ఇంకా ఎక్కువవుతుంది. ఓర్చుకోలేకపోతే నా దగ్గరికి రండి, డబ్బా దగ్గరికి మాత్రం పోకండి."

నేను ఆపితే అవ్వ ఆపాలి కదా, ఒక్కతే మింగడం మర్యాద కాదు. అవ్వ ఆపితే ఖాలా ఆపాలి. మర్నాటి నుంచి ముగ్గురం నెత్తికి తడిగుడ్డలు చుట్టుకుని వసారాలో వరసగా పడ్డాం. అవ్వ కాకిని తిట్టింది. ఖాలా వీధిలో పోయే సోడాబండిని తిట్టింది. నేను వాళ్లిద్దరినీ తిట్టాను. బాపు వండిన అన్నం జావలా వచ్చినా వంక పెట్టే ఓపిక ఎవరికీ లేదు. ఆయన ఖాళీ మగ్గం చుట్టూ తిరుగుతుంటే మాత్రం, ఇక తనే కూర్చుంటాడేమోనని నాకు ఏడుపొచ్చేది.

నాలుగో రోజు తట్టుకోలేక డబ్బా దగ్గరికి పోయాను. అవ్వ అక్కడే ఉంది, చెయ్యి డబ్బాలో.

"నువ్వు తీస్తవేమోనని కావలున్న" అంది.

"నువ్వు తీస్తవేమోనని నేనొచ్చిన" అన్నాను.

వెనకాల ఖాలా నిలబడి ఉంది. "నేను ఆకు కోసం వచ్చిన" అంది. ఖాలా జన్మలో ఆకు వేసుకుని ఎరగదు.

ముగ్గురం తలలు పట్టుకుని నవ్వాం. నవ్వితే నొప్పి, ఆ నొప్పికి మళ్లీ నవ్వు. ఆ ఊపులోనే అవ్వ గోలీలన్నీ తీసుకుపోయి మోరీలో పోసింది.

పదో రోజు పొద్దున లేచి, ఏదో మరిచిపోయినట్టు కాసేపు వెతుక్కున్నాను. నొప్పి లేదు. తల విదిలించి చూశాను, లేదు. గోడకు మెల్లగా కొట్టి కూడా చూశాను. లేదంటే లేదు! పట్టరాని సంతోషంతో మొహమైనా కడగకుండా మగ్గంలో దిగాను.

మూడు రోజుల తర్వాత బాపు వచ్చి అంచును వేళ్లతో తడుముతూ, ఒక్కో భామ దగ్గర ఆగి పోగులు లెక్కపెట్టాడు. ఒక చోట లెక్క ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. నేసినంత మేరా చివరిదాకా వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుంటూ పోయి రాట్నం ముందు కూర్చున్నాడు.

మా ఇండ్లలో రాట్నం తిప్పి మగ్గానికి దారం కండెలు చుట్టి ఇచ్చేది ఆడవాళ్లు. బాపు చెయ్యి రాట్నం మీద పడగా నేను ఏనాడూ చూడలేదు. దారం పట్టాడు, తెగింది, ముడేసి మళ్లీ పట్టాడు.

"కండె అయిపోవస్తె జర ముందుగాల చెప్పు బిడ్డా" అన్నాడు, నా వైపు చూడకుండా. "నా చెయ్యి మీ అవ్వంత జల్ది నడ్వది."