ఏడు నిమిషాల తోర్లైఫ్

నార్వే ఉత్తరపు కొసన స్కార్వ్‌నెస్ అనే చేపల ఊరుంది. అక్కడ పడవెక్కితే పేగులు బయటికొచ్చే ఏకైక మగాడు తోర్లైఫ్. తండ్రి జాలరి, తాత జాలరి. ఇతగాడు మాత్రం ఒడ్డున నిలబడి అలల్ని చూసినా తూలేవాడు. చేసేది లేక ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో చేపలు కోసి బతికాడు. ఊరికి అరచేయంత రన్‌వే వచ్చిన రోజున స్వర్గం తలుపులు తనకోసమే తీశారనుకున్నాడు.

కొండకు అవతల లాంగ్‌విక్. విమానంలో ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలు తాతలిచ్చిన ఆస్తి అన్నట్టు చెప్పుకునేవాడు. చలికాలంలో కొండ దారిన మంచు తోసే బండి ముందు నడిస్తే, కార్లన్నీ దాని వెనకే నాలుగు గంటలు పాకేవి. ఆ వరసను చూసి, "ఎవరిదర్రా ఊరేగింపు?" అని వెక్కిరించేవాడు.

మార్చిలో లాంగ్‌విక్‌లో కూతురు ఇంగ్‌విల్ బిడ్డకు బాప్తిస్మం వచ్చింది. మొదటి మనవరాలు. చర్చిలో బిడ్డను ఎత్తుకునే గౌరవం తాతకిచ్చారు. నెల రోజులుగా ఆయన ఉప్పు మూటను ఎత్తుకుని జోకొడుతూ సాధన చేస్తున్నాడు.

"నాన్నా, శనివారమే అమ్మతో కార్లో వచ్చెయ్. గంట కొట్టేసరికి నువ్వు లేకపోతే స్వెర్రె మావయ్య ఎత్తుకుంటాడు," అని కూతురు ఫోన్లో హెచ్చరించింది.

"ఏడు నిమిషాల దూరానికి ముందురోజే బయల్దేరడానికి నేనేమన్నా నత్తనా?"

భార్య గున్వోర్ కేకు డబ్బా తమ్ముడు స్వెర్రె కార్లో పెట్టుకుంది. "నువ్వు ఎగిరి రావయ్యా మహానుభావా. మేం పాక్కుంటూ పోతాం."

ఆదివారం విమానం ఠంచనుగా లేచింది, ఠంచనుగా లాంగ్‌విక్ మీదికొచ్చింది. కింద చర్చి, దాని ముందు మిరియాల్లా జనం. విమానం దిగబోయి లేచింది. మళ్లీ దిగబోయి మళ్లీ లేచింది. గాలి అడ్డంగా కొడుతోందట, ఎక్కడో దూరాన ఉన్న కిర్కెనెస్ ఊరికి వెళ్లిపోతున్నారట.

"ఆగమ్మా! అదిగో మా చర్చి, కనబడుతోంది కదా!" అని ఎయిర్‌హోస్టెస్‌ను బతిమాలాడు.

"కనబడుతోంది తాతా. కళ్లారా చూసుకోండి," అంటూ ఆమె కాఫీ పోసింది.

సాయంత్రం అదే విమానం మళ్లీ లాంగ్‌విక్ దాకా వచ్చి, మళ్లీ దిగలేక, ఆయన్ను భద్రంగా సొంత ఊళ్లోనే దించింది.

మర్నాడు గున్వోర్‌ను దించడానికి ఆమె తమ్ముడు స్వెర్రె వచ్చాడు. "ఏం బావా, పైనుంచి దీవించి పోయావుగా! దేవుడైనా అంత కిందికి రాలేదు."

"బిడ్డ ఏడ్చిందా?" అని మాత్రం అడిగాడు తోర్లైఫ్.

"నా చేతుల్లోనా? హాయిగా నిద్రపోయింది."

తోర్లైఫ్ వంటింట్లోకి వెళ్లి, పనేమీ లేకపోయినా కుళాయి తిప్పాడు.

వారం తర్వాత కూతురు ఫోటో పంపింది. చర్చి ముందు చుట్టాలంతా నిలబడ్డారు. బిడ్డ స్వెర్రె చేతుల్లోనే ఉంది. కానీ ఒక్కరూ కెమెరాను చూడటం లేదు. పాస్టరుతో సహా అందరూ నోళ్లు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. తోర్లైఫ్ దానికి ఫ్రేము కట్టించి సోఫా పైన తగిలించాడు. "చూడండి, బాప్తిస్మం రోజున అందరూ ఎవర్ని చూస్తున్నారో!" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

రెండేళ్లకు ఇంగ్‌విల్ మళ్లీ కన్నది. బాప్తిస్మం ఆదివారం. బుధవారం నాడే మంచు బండి వెనక మొట్టమొదటి కార్లో తోర్లైఫ్ కూర్చునున్నాడు.

"విమానం ఏమైంది బాబూ?" అని బండి డ్రైవరు నవ్వాడు.

"టిక్కెట్లు దొరకలేదు," అన్నాడు తోర్లైఫ్. సగం ఖాళీ విమానం వాళ్ల నెత్తిమీదుగా లాంగ్‌విక్ వైపు పోయింది.